పాత పది టైర్ల బండి హైవే మీద లాగడం లేదు: టర్బో మార్చాలా, ముందు కొలవాలా?

కడప_సిమెంటు_లోడు
నాలుగు నెలల క్రితం 2018 నాటి బీఎస్-4 పది టైర్ల బండి, 2518 మోడల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఎర్రగుంట్లలో సిమెంటు ఎక్కించుకుని కడప మీదుగా రాయచోటి, చిత్తూరు వైపు తిప్పుతున్నాను. ఖాళీగా ఉంటే ఏ లోటూ లేదు. లోడు పడితే చదును రోడ్డు మీద కూడా 60 దాటడం గగనం. చిన్న మిట్ట వచ్చినా 30కి పడిపోతుంది. గువ్వలచెరువు ఘాటులో వెనక బండ్ల హారన్లు వినలేక చచ్చిపోతున్నాను. నల్ల పొగ లేదు. హెచ్చరిక దీపం ఏదీ వెలగడం లేదు. ఎయిర్ ఫిల్టరు, రెండు డీజిల్ ఫిల్టర్లు కొత్తవి వేశాను. ఒక మిస్త్రీ టర్బో (ఇంజన్‌లోకి గాలి నెట్టేది) పోయింది, 45 వేలు అన్నారు. ఇంకొకరు డీజిల్ పంపు దించాలి అన్నారు. నెలకు కంతు 31 వేలు కట్టాలి. రెండింటిలో ఒకటే చేయించగలను. ఏది ముందు?

నాపరాయి_బేతంచెర్ల
స్పీడ్ గవర్నర్ చూడండి అన్నా.

గుత్తిరోడ్డు
గవర్నర్ 80 దగ్గర ఆపుతుంది. మిట్ట మీద 30కి దించదు. కడప అన్నా, రెండూ చేయించవద్దు. కొలవకుండా ఒక్క బోల్టు కూడా విప్పనివ్వకండి. 2021లో నా బండికి ఇదే జబ్బు. మూడు షెడ్లు తిరిగాను. మొదట టర్బో మార్చారు. తర్వాత ఇంజెక్టర్లు, ఆ తర్వాత క్లచ్చు ప్లేటు. మొత్తం లక్షా పది వేలు. బండి మాత్రం అలాగే ఉంది. చివరికి నా క్లీనరు కుర్రవాడు కిందకు దూరి చూస్తే ఎగ్జాస్ట్ బ్రేకు రేకు (పొగ దారిని మూసి బండి వేగం తగ్గించేది) తుప్పు పట్టి సగం మూసుకుని ఉంది. పొగగొట్టానికి గుడ్డ కుక్కినట్టు పొగ బయటకు పోలేక ఇంజన్ ఊపిరాడక చచ్చింది. మూడు షెడ్లలో ఒక్క మిస్త్రీ కూడా అక్కడ చెయ్యి పెట్టలేదు.

డోన్_మిస్త్రీ
ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. కడప సోదరా, పొగ ఒక్కటి చూస్తే చాలు. ఇంజన్‌కు గాలి తక్కువైతే డీజిల్ పూర్తిగా కాలదు, నల్ల పొగ వస్తుంది. మీ బండికి నల్ల పొగ లేదు. అంటే గాలి సరిపోతోంది, టర్బోకు ఏమీ కాలేదు. శక్తీ లేదు, పొగా లేదు అంటే డీజిల్ అందడం లేదు. ట్యాంకులో జాలీ మూసుకుందా, డీజిల్ పైపు ఎక్కడైనా గాలి పీలుస్తోందా చూడండి. రెండూ బాగుంటే పంపు, ఇంజెక్టర్లు. టర్బో అన్నవారి దగ్గరకు మళ్లీ వెళ్లకండి.

గుత్తిరోడ్డు
చూడకుండానే పంపు దాకా వచ్చేశారు. నాకు జరిగిందీ ఇదే.

డోన్_మిస్త్రీ
నేను ముందు జాలీ అన్నాను, పైపు అన్నాను. పంపు చివర అన్నాను. చదివి రాయండి.

పెన్నహోబిలం
అసలు బండిలో లోపం ఉందా అన్నది ముందు తేల్చుకోవాలి. 2518 అంటే 25 టన్నుల మొత్తం బరువు, దాదాపు 180 హార్స్‌పవర్. 2018లో కేంద్రం పది టైర్ల బండి మొత్తం బరువు పరిమితిని 28.5 టన్నులకు పెంచింది. ఇంజన్ అదే. నిండు 28.5 టన్నులతో, నూరు మీటర్లకు ఐదు మీటర్లు ఎక్కే ఘాటులో, చక్రాలకు చేరే శక్తితో లెక్క వేస్తే గంటకు 25 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న బండి అయినా అంతే. కాబట్టి ఘాటును సాక్ష్యంగా పెట్టుకోకండి. నూరు మీటర్లకు రెండు మీటర్లు ఎక్కే మామూలు మిట్ట మీద మాత్రం 45 దాకా లాగాలి. అక్కడ 30కి పడుతోంది అంటే లోపం నిజమే. మీ ఆర్.సి.లో బరువు ఎంత ఉంది, మీరు ఎంత ఎక్కిస్తున్నారు?

కడప_సిమెంటు_లోడు
ఆర్.సి.లో ఎంత ఉంటే అంతే ఎక్కిస్తున్నాను సార్. వేబ్రిడ్జి చీటీలు దాచి ఉంచాను. చెప్పిన 30 కడప దాటాక వచ్చే మామూలు మిట్టల సంగతే.

గువ్వలచెరువు_కోవా
పొగను శుభ్రం చేసే యూరియా ద్రవం నింపుతున్నారా? బీఎస్-4లో కొన్ని బండ్లకు యూరియా అయిపోతే ఇంజన్ శక్తి తనంతట తానే తగ్గుతుంది.

గుత్తిరోడ్డు
మంచి మాట. పాత యజమాని దీపం బల్బు తీసేసి ఉంటాడు, అది కూడా చూసుకోండి. తాళం తిప్పగానే దీపాలన్నీ ఒక్క క్షణం వెలిగి ఆరాలి. వెలగనిది ఏదైనా ఉంటే అక్కడ మోసం ఉంది. ఆ తర్వాత ఇంజన్ కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెట్టించండి. లోపం కోడ్ ఉందా లేదా అని చూసి తీసేయడం కాదు. లోడుతో, మిట్ట ఎక్కుతూ, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, ఆ సమయంలో అంకెలు చూడాలి. షెడ్డులో నిలబెట్టి రేస్ చేస్తే టర్బో గాలి నింపదు, ఏమీ తెలియదు.

డోన్_మిస్త్రీ
స్కానర్ పట్టుకుని తిరిగే పిల్లలు రెండు వేలు తీసుకుని ఫోనులో ఫొటో పంపి పోతారు. బండి కింద పడుకునేది మేము.

కడప_సిమెంటు_లోడు
దీపాలన్నీ వెలిగి ఆరుతున్నాయి, యూరియా నిండుగా ఉంది. నిన్న స్కానర్ కుర్రవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని లోడుతో వెళ్లాను. కోడ్ ఏదీ లేదు. యాక్సిలరేటర్ 100 శాతం చూపుతోంది. ఇంజెక్టర్లకు డీజిల్ అందించే కామన్ రైల్‌లో కంప్యూటర్ అడిగిన పీడనం, వచ్చిన పీడనం ఒకటే. టర్బో నింపే గాలి మాత్రం 0.8 బార్ దాటలేదు. మా ఊరి స్నేహితునిది ఇదే మోడల్, ఇదే సంవత్సరం. ఆయన బండి కూడా నిండు లోడుతో వచ్చింది. అదే మిట్ట మీద, అదే గేరులో 1.5 బార్ చూపింది.

గుత్తిరోడ్డు
తేలిపోయింది. డీజిల్ సరిగా ఉంది, గాలి లేదు. పంపు దించి ఉంటే ఏమయ్యేది?

డోన్_మిస్త్రీ
గాలి సగానికి పడితే పొగ నల్లగా రావాలి. రావడం లేదని ఆయనే రాశారు. ఆ సెన్సారు తప్పు చూపుతోంది.

గుత్తిరోడ్డు
రెండు బండ్లు పక్కపక్కన కొలిచాక కూడా సెన్సారుదే తప్పు అంటారా!

డోన్_మిస్త్రీ
పొగ లేకుండా గాలి ఎలా తగ్గిందో మీరు చెప్పండి. చెప్పలేకపోతే రాయడం ఆపండి.

పెన్నహోబిలం
కంప్యూటర్ లేని పాత ఇన్‌లైన్ పంపు బండ్లకు మీరు చెప్పిన సూత్రం అక్షరాలా నిజం. ఆ పంపుకు గాలి ఎంత వస్తోందో పెద్దగా పట్టదు, యాక్సిలరేటర్ ఎంత తొక్కితే అంత డీజిల్ పంపుతుంది. అందుకే పొగ. కామన్ రైల్ బండిలో ఇంజన్‌లోకి గాలి వెళ్లే ఇంటేక్ దగ్గర పీడనం చదివే సెన్సారు ఉంటుంది. గాలి తగ్గితే ఆ మేరకు కంప్యూటర్ డీజిల్ కోసేస్తుంది. పొగ రాదు, శక్తి మాత్రం పోతుంది. కంప్యూటర్ తానే తక్కువ అడుగుతోంది కాబట్టి రైల్‌లో డీజిల్ పీడనం కూడా సరిగానే కనిపిస్తుంది.

డోన్_మిస్త్రీ
సరే. పొగ విషయంలో నా మాట ఈ బండికి వర్తించదు, ఒప్పుకుంటాను. కానీ ఈ చర్చలో మొదటి నుంచి మిస్త్రీలు దొంగలు అన్నట్టు రాస్తున్నారు. అది ఒప్పుకోను. పోయిన ఏడాది ఒక బండి ఎత్తులో ఆగి ఆగి నడుస్తోందని తెచ్చారు. రెండు రోజులు వెతికాను. డీజిల్ పైపు తీసేసి పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ గొట్టం వేసి, ఇంజన్ నడుస్తుండగా దాన్నే చూస్తూ కూర్చున్నాను. పావుగంటకు సన్నటి బుడగలు కనిపించాయి, ఆవాల వరుసలాగా. ఒక రాగి వాషరు దగ్గర గాలి పీలుస్తోంది. వాషరు ఖరీదు 40 రూపాయలు. యజమాని 300 చేతిలో పెట్టి, ఇంత చిన్నదానికి రెండు రోజులు బండి ఆపారా అని కసిరి వెళ్లాడు. అదే పంపు దించి ఉంటే మాట మాట్లాడకుండా ఐదు వేలు ఇచ్చేవాడు.

గుత్తిరోడ్డు
అలాగని పంపు దించేస్తారా? నా లక్షా పది వేలు అందుకే పోయింది.

డోన్_మిస్త్రీ
నేను దించలేదు, 300 తీసుకున్నాను. దించినవారు ఎందుకు దించారో చెబుతున్నాను. మీరు పార్టుకు డబ్బు ఇస్తారు. వెతికినందుకు ఇవ్వరు.

గుత్తిరోడ్డు
వెతకడానికి ఇంత అవుతుంది అని ముందే చెప్పండి, ఇస్తాను. ఏ షెడ్డులోనూ ఎవరూ చెప్పలేదు.

డోన్_మిస్త్రీ
నేను చెప్పాను. చెప్పిన బండ్లు సాయంత్రానికి పక్క షెడ్డులో ఉన్నాయి.

నాపరాయి_బేతంచెర్ల
కడప అన్న బండి సంగతి చూడండి ముందు.

డోన్_మిస్త్రీ
కడప సోదరా, గాలి తక్కువ అని తేలినా ఇప్పుడే టర్బో కొనకండి. టర్బో నుంచి గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి ఇంజన్‌కు వెళ్లే రబ్బరు గొట్టాలు ముందు చూడాలి. చేత్తో తడిమితే సరిపోదు, చీలిక కింది వైపు ఉంటుంది, లోడు పడినప్పుడే తెరుచుకుంటుంది. టర్బో వైపు గొట్టం ఊడదీసి, రెండు చివరలా మూత బిగించి, ఒక మూతకు వాల్వు పెట్టి కంప్రెసరు గాలి నింపించండి. రెండు బార్ దాటనివ్వద్దు. మూతలను గొలుసుతో కట్టి తీరాలి, ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. ఒకసారి మూత ఎగిరి నా షెడ్డు రేకు చీల్చింది. తర్వాత సబ్బు నీళ్లు రాసి చూడాలి. అక్కడ ఏమీ లేకపోతే టర్బో గాలి హద్దు దాటకుండా చూసే వేస్ట్‌గేటు కడ్డీ కదులుతోందా చూసి, ఎగ్జాస్ట్ బ్రేకు రేకు చూసి, అప్పుడు టర్బో ఇరుసు ఆట (ఎంత వదులుగా ఊగుతోందో) చూడండి.

కడప_సిమెంటు_లోడు
అన్నా, దొరికింది. మా ఊరి మిస్త్రీతో మీరు చెప్పినట్టే చేయించాను. ఇంటర్‌కూలర్ కింది గొట్టం, క్లాంపుకు రెండు వేళ్ల దూరంలో. పైకి చూస్తే కొత్తదానిలా ఉంది. కింది వైపు నూనె తడికి దుమ్ము అంటుకుని గుండ్రటి నల్ల మచ్చ. గాలి నింపగానే అక్కడ సబ్బు నురగ పొంగింది, చెయ్యి అడ్డం పెడితే చల్లగా తగిలింది. గాలి వదిలేస్తే చీలిక మూసుకుపోయింది, గోటితో గీరినా దొరకలేదు. గొట్టం, రెండు క్లాంపులు కలిపి 1,850. నిన్న లోడుతో వెళ్తే 1.4 బార్ వచ్చింది. అదే మిట్ట మీద 44. గువ్వలచెరువు ఘాటులో 24 దాటలేదు, సార్ లెక్క ప్రకారం అది అంతే అనుకుంటున్నాను.

పెన్నహోబిలం
ఘాటులో అంతకంటే ఆశించకండి. నాలుగు నెలలు గాలి కారిపోతుంటే తంటాలు పడ్డ టర్బో కాబట్టి ఇరుసు ఆట ఒకసారి చూపించుకోండి.

డోన్_మిస్త్రీ
మిస్త్రీకి ఎంత ఇచ్చారు?

కడప_సిమెంటు_లోడు
పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టి మూడు గంటల దాకా పట్టింది. 600 అడిగారు. ఇచ్చాను.

గుత్తిరోడ్డు
టర్బో మార్చి ఉంటే ఆయనకు ఎంత వచ్చేది? నిజంగా అడుగుతున్నాను.

డోన్_మిస్త్రీ
మా వైపు అయితే కూలి మూడు వేలు, పార్టు మీద దుకాణం ఇచ్చేది రెండు వేలు. ఒక పూట పని.

గుత్తిరోడ్డు
ఈ లెక్క నాకు ఎవరూ చెప్పలేదు. మిస్త్రీలందరినీ ఒకే గాటన కట్టి రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. నా మూడు షెడ్ల మీద కోపం మాత్రం పోదు.

డోన్_మిస్త్రీ
అది పోనక్కరలేదు.

కడప_సిమెంటు_లోడు
బుధవారం మళ్లీ ఎర్రగుంట్లలో లోడు ఉంది. షెడ్డు దారిలోనే. ఆగి ఇంకో పదిహేను వందలు ఇచ్చి వెళ్తాను.

నాపరాయి_బేతంచెర్ల
అన్నా, ఆ గొట్టం లోపలి కొలత ఎంత? నా బండికీ కింది వైపు నల్ల మచ్చ ఉంది, ఇప్పుడే చూశాను.