వైస్ సిటీలో బొమ్మ హెలికాప్టర్‌ను లాప్‌టాప్‌ మీద ఎలా నడపాలి?

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం. ఒకప్పుడు ద్వారకానగర్‌లో గంటల లెక్కన డబ్బు కట్టి ఆడిన జీటీఏ వైస్ సిటీని ఇప్పుడు ఇంట్లో లాప్‌టాప్‌ మీద మళ్లీ మొదలుపెట్టాను. 2003లో కంప్యూటర్లకు వచ్చిన ఆట కదా, బొమ్మలు మోటుగానే ఉంటాయి. అయినా 1986 నాటి ఆ నగరంలో రేడియో పెట్టుకుని, రాత్రిపూట సముద్రం పక్కన బండి తోలుతుంటే కలిగే హాయి కొత్త ఆటల్లో నాకు దొరకలేదు. మన ఆర్కే బీచ్ రోడ్డులో ఆ వేగం కుదరదు మరి!

చిక్కంతా ‘డిమాలిషన్ మ్యాన్’ మిషన్ దగ్గరే. బొమ్మ హెలికాప్టర్‌తో నాలుగు బాంబులను, ఇంకా కడుతున్న భవనం అంతస్తుల్లోకి చేర్చాలి. మొదటి బాంబు ఎత్తేదాకా గడియారం కదలదు కాబట్టి, కాపలావాళ్లను ముందే రెక్కలతో పడగొడుతున్నాను. ఆ తర్వాతే నరకం. హెలికాప్టర్‌ను వంచే కీలు మామూలుగా కుడివైపు అంకెల కీల మీదే ఉంటాయి, నా కీబోర్డుకు అవి లేవు. సెట్టింగుల్లో అక్షరాల కీలకు మార్చుకున్నాను గానీ, ఎత్తు నిలుపుతూనే ముందుకు వంచాలంటే వేళ్లు మెలికపడుతున్నాయి. మెట్ల మలుపులో గోడకు గుద్దుకుని పేలిపోతోంది.

లాప్‌టాప్‌ మీద ఇది గట్టెక్కినవాళ్లు ఏ పనికి ఏ కీ పెట్టుకున్నారు? విడిగా దొరికే యూఎస్‌బీ అంకెల కీప్యాడ్ సరిపోతుందా, గేమ్‌ప్యాడే కొనాలా? ఫ్రేమ్ లిమిటర్ (సెకనుకు తెరపై మారే చిత్రాల సంఖ్యకు హద్దు పెట్టే సెట్టింగు) ఆన్‌లోనే ఉంది. దయచేసి చీట్ కోడ్‌లు మాత్రం చెప్పకండి.