ఇన్ఫోసిస్ బైబ్యాక్‌లో (కంపెనీ తన షేర్లను తానే తిరిగి కొనడం) షేర్లు ఇచ్చేయాలా, ఉంచుకోవాలా? (2025 నవంబరు నాటి చర్చ, పన్ను నియమాలూ అప్పటివే)

కొత్త మదుపరి: నా దగ్గర 40 షేర్లున్నాయి, సగటున 1,450కి కొన్నవి. కంపెనీ ఒక్కోటి 1,800కి తీసుకుంటానంటోంది, మార్కెట్లో అంత లేదు. కళ్లు మూసుకుని ఇచ్చేయొచ్చా?

గోదారి గట్టు: ముందు, 40 షేర్లూ తీసుకోరు బ్రో. రికార్డు తేదీన (వాటాదారులెవరో కంపెనీ లెక్క చూసే రోజున) 2 లక్షల లోపు విలువ ఉన్న చిన్న వాటాదారులకు ప్రతి 11 షేర్లకి 2 లెక్కన ఇచ్చే హక్కు, అంటే నీకు 7. ఎక్కువ పెట్టొచ్చు గానీ, మిగతావాళ్లు పెట్టకపోతేనే అవి అమ్ముడుపోతాయి. అసలు మెలిక పన్నులో ఉంది. 2024 అక్టోబరు నుంచి ఆ 1,800 మొత్తాన్నీ డివిడెండ్ (వాటాదారులకు కంపెనీ పంచే డబ్బు) కిందే చూస్తున్నారు, పన్ను దాని మీదే, లాభం 350 మీద కాదు. 30 శాతం శ్లాబులో ఉంటే చేతికొచ్చేది 1,240 దాకా, అంటే నువ్వు కొన్న ధర కన్నా తక్కువ!

కొత్త మదుపరి: అమ్మో. మరి నా 1,450 ఏమైనట్టు?

లెక్కల మాస్టారు: అది మూలధన నష్టంగా (షేర్ల మీద వచ్చిన నష్టంగా) రాసుకుని, వేరే షేర్ల లాభాల్లో తగ్గించుకోవచ్చు, 8 ఏళ్లు ముందుకు కూడా తీసుకెళ్లొచ్చు. లాభాలే లేనివాళ్లకి అది ఉత్త కాగితం. మా నాన్నగారి మొత్తం ఆదాయం తక్కువే, రిబేటు (తక్కువ ఆదాయానికి ఇచ్చే పన్ను మాఫీ) వల్ల పన్ను పడదు, అందుకే ఆయనవి పెట్టాను, నావి పెట్టలేదు. ప్రమోటర్లూ (కంపెనీ స్థాపకులు, వాళ్ల కుటుంబాలు) దూరంగానే ఉన్నారు, గమనించారా?

గోదారి గట్టు: ఉంచుకున్నా పెద్దగా ఒరిగేదేం లేదులెండి. 10 కోట్ల షేర్లు రద్దయితే కంపెనీ మొత్తం షేర్లలో తగ్గేది 2.41 శాతమే, మిగిలినవాటి వాటా పెరిగేదీ దాదాపు అంతే, పైగా 18,000 కోట్ల నగదు బయటికి పోతోంది.