అప్‌డేట్: రామేశ్వరం నుంచి తెచ్చిన గవ్వ గురించి

మా చిన్నాన్న రామేశ్వరం నుంచి కడపకు తెచ్చిన, గోధుమరంగు గీతల మధ్య తెల్లని త్రిభుజాలున్న గవ్వను పిల్లల చేతికి ఇవ్వవచ్చా అని ఇంతకుముందు అడిగాను. ఇక్కడి కళాశాలలో జంతుశాస్త్రం బోధించే మేడమ్ గారు చూసి, అది 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ వర్ణించిన కోనస్ టెక్స్‌టైల్ అనే నత్తదని చెప్పారు. బతికి ఉన్నప్పుడు ఈ నత్త, ఈటెలాంటి బోలు పంటిని తొండం చివరి నుంచి గుచ్చి, విషం ఎక్కించి ఇతర నత్తలను వేటాడుతుంది; ఆ విషానికి విరుగుడు మందు లేదు కనుక, తీరంలో ప్రాణమున్నది కనిపిస్తే ఏ వైపు నుంచీ పట్టుకోకూడదు. విషగ్రంథి మెత్తని శరీరంలోనే ఉంటుంది, మా గవ్వ పూర్తిగా ఖాళీది. అందువల్ల కడిగి పిల్లలకు ఇచ్చేశాము. నాకు ఆశ్చర్యం కలిగించినది వేరొకటి: దీని దగ్గరి బంధువైన కోనస్ మేగస్ అనే నత్త విషంలోని పెప్టైడ్‌ను (ప్రోటీన్ లాంటి చిన్న అణువును) అనుసరించి కృత్రిమంగా తయారుచేసిన జికోనోటైడ్‌కు, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి ఎక్కించే నొప్పి నివారణ మందుగా, 2004లో అమెరికాలో అనుమతి లభించింది.