ఓనర్ గారు మాటిమాటికీ ఇల్లు చూడ్డానికి వస్తున్నారు, ఏం చెయ్యాలి?

అద్దింటి కోడలు:
అందరికీ నమస్కారం. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక చేసుకుని చదవండి.

మేం ఈ ఇంట్లోకి వచ్చి పద్నాలుగు నెలలైంది. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, మా అత్తగారు ఉంటాం. అద్దె ఒక్కరోజు కూడా ఆలస్యం చెయ్యలేదు. మొదటి ఆర్నెల్లు హాయిగా గడిచాయి. తర్వాత ఒకసారి వంటింటి సింకు కింద నీళ్ళు కారాయి. చెప్పగానే ఓనర్ గారు మనిషిని పంపి బాగు చేయించారు, అందులో వంక పెట్టడానికి లేదు. కానీ అప్పట్నుంచే ఈ రాకపోకలు మొదలయ్యాయి. నెలకి ఒకసారి, ఒక్కోసారి రెండుసార్లు, "ఇటు పనుండి వచ్చాను, ఓసారి ఇల్లు చూసి పోదామని" అంటూ దిగుతారు. ముందు చెప్పరు. చెప్పినా గేటు దగ్గర నిలబడే ఫోన్ చేస్తారు.

వచ్చినాయన సింకు చూసి వెళ్తే నాకు బాధ లేదు. పడగ్గదిలోకి వెళ్తారు, బీరువా వెనక గోడ చూడాలంటారు, బాత్రూం తలుపు తీస్తారు. మొన్నయితే ఫోన్‌తో ఫొటోలు తీశారు. అప్పుడు మా పాప అక్కడే కూర్చుని హోంవర్కు చేసుకుంటోంది. పోయిన నెల మేం ఊళ్ళో లేనప్పుడు తన దగ్గరున్న తాళంచెవితో లోపలికి వచ్చి వెళ్ళారట, పక్కింటివాళ్ళు చెప్తే తెలిసింది.

మనిషి చెడ్డవాడు కాదు, పల్లెత్తు మాట అనరు. అదే వచ్చిన చిక్కు. గొడవ పెట్టుకుందామంటే నోరు రాదు, ఊరుకుందామంటే మనసొప్పదు. కాలింగ్ బెల్ మోగితే చాలు, మా అత్తగారు మోకాళ్ళు పట్టుకుని లేచి మంచం మీద దుప్పటి సర్దుతున్నారు. నేనేమో పొద్దున్నే వస్తారేమోనని రాత్రి పదకొండింటికి స్టవ్ తుడుస్తున్నాను.

పిల్లల బడి దగ్గర్లోనే ఉంది, ఇంకో ఏడాది వరకూ ఇల్లు మారే పరిస్థితి లేదు. ఆయనతో చెడకుండా ఇది తగ్గించుకునే దారి చెప్పండి.

నాలుగో అంతస్తు:
తాళం మార్చెయ్యండి. దెబ్బకి కుదురుతారు.

మూడిళ్ళు మారినవాడు:
ఆ పని మాత్రం చెయ్యొద్దండీ. నేను చేసి దెబ్బ తిన్నాను. మేం లేనప్పుడు పైపు పగిలింది, మా ఓనరు దగ్గరున్న తాళంచెవి పనిచెయ్యలేదు, తలుపు గడియ విరగ్గొట్టి లోపలికి వెళ్ళారు. తలుపు ఖర్చు నా అడ్వాన్సులోంచి పోయింది. అగ్రిమెంటులో "ఓనరుకి చెప్పకుండా తాళాలు మార్చకూడదు" అనే ముక్క చాలామందికి ఉంటుంది, ముందు అది చదువుకోండి. ఇంట్లో ఉన్నప్పుడు లోపలి గడియ పెట్టుకోండి, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మీరు లేనప్పటి సంగతి తాళంతో తేలదు, మాటతోనే తేలాలి.

ఇంకోటి. అద్దె ఆపి బెదిరిద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఇప్పుడు తప్పు ఆయన వైపు ఉంది, అద్దె ఆపిన రోజు అది మీ వైపుకి వచ్చేస్తుంది.

చట్టాల పిచ్చి:
అద్దె చట్టం ఎక్కడికక్కడ వేరు. మీరు ఏ దేశంలో ఉన్నారో చెప్పలేదు, ఈ గుంపులో అన్నిచోట్లవాళ్ళూ ఉన్నారు కాబట్టి నాకు తెలిసినవి రాస్తాను.

భారతదేశంలో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ రెండు మాటలూ చెప్తుంది. అద్దె కట్టి షరతులు పాటించే మనిషి ఆ ఇంటిని అడ్డంకి లేకుండా అనుభవించవచ్చు. అలాగే ఓనరు సబబైన వేళల్లో వచ్చి ఇంటి స్థితి చూసుకుంటానంటే రానివ్వాలి. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం ఇంకాస్త స్పష్టంగా ఉంటుంది. కనీసం 24 గంటల ముందు రాతపూర్వకంగానో ఫోన్ మెసేజ్ వంటి ఎలక్ట్రానిక్ పద్ధతిలోనో చెప్పాలి. పేరులోనే ఉంది చూడండి, అది నమూనా. రాష్ట్రం దాన్ని తన చట్టంగా చేసుకుంటేనే అక్కడ చెల్లుతుంది.

ఇంగ్లండులో 1985 చట్టం ప్రకారం ఇంటి స్థితి చూడటానికి 24 గంటల రాతపూర్వక నోటీసు కావాలి. కెనడాలోని ఒంటారియోలోనూ 24 గంటలే, ఉదయం 8 నుంచి రాత్రి 8 మధ్యలో. కాలిఫోర్నియాలో నోటీసు సంగతితో పాటు, ఇంట్లోకి వచ్చే హక్కుని వేధించడానికి వాడుకోకూడదని కూడా విడిగా రాశారు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో తనిఖీకి 7 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, 12 నెలల్లో 4 సార్లకి మించకూడదు.

వీటిలో గమనించాల్సింది ఒకటుంది. ఎలా చెప్పి రావాలో చాలాచోట్ల రాశారు, ఎన్నిసార్లు రావచ్చో లెక్కకట్టి చెప్పినవి తక్కువ. కాబట్టి "చెప్పకుండా రావద్దు" అనడానికి మీకు చాలాచోట్ల చట్టం తోడుంటుంది, "ఇన్నిసార్లు రావద్దు" అన్నది మాత్రం చాలావరకు మీరే మాట్లాడుకుని తేల్చుకోవాలి. నీళ్ళు పొంగినా, మంటలు అంటుకున్నా నోటీసు కోసం ఎవరూ ఆగరు, అది వేరే విషయం.

ఇల్లు అద్దెకిచ్చినావిడ:
అమ్మాయ్, నేను అవతలి పక్షం. తిట్టుకోకుండా విను.

మా ఇంట్లో ఇంతకుముందు ఉన్నవాళ్ళు చాలా మంచివాళ్ళు, పండు లాంటి మనుషులు. సింకు కింద పైపు కారుతుంటే దానికింద బకెట్ పెట్టుకుని ఏడు నెలలు గడిపేశారు. చెప్తే నేను విసుక్కుంటానేమోనని భయపడ్డారట! వాళ్ళు ఖాళీ చేశాక చూస్తే అల్మరా అడుగు చెక్క ఉబ్బిపోయింది, కింది ఇంటివాళ్ళ స్లాబుకి పెచ్చులు లేచాయి. నాలుగు చోట్ల పగలగొట్టించాను. తర్వాత వచ్చినవాళ్ళింటికి నేనూ మీ ఓనరు లాగే ఊరికే వెళ్ళేదాన్ని. వాళ్ళు పాపం ఏ తప్పూ చెయ్యలేదు, పాతవాళ్ళ పాపం వాళ్ళ నెత్తిన పడింది.

మీ ఓనరు రావడం సింకు కారాకే మొదలైందన్నావు. బీరువా వెనక గోడ చూడాలన్నారన్నావు. ఆయన మీ అత్తగారి దుప్పటి చూడటానికి రావడం లేదమ్మా, నిమ్ము వెతుక్కుంటున్నారు. ఆ వెతుకులాట ఆయన చెయ్యక్కర్లేకుండా నువ్వే చేసి పంపెయ్. నెలకోసారి పది నిమిషాలు పడుతుంది. సింకు కింద పైపు అతుకుల దగ్గర పొడి న్యూస్‌పేపరు పరిచి రాత్రంతా ఉంచు. సన్నగా కారే నీళ్ళు కంటికి కనబడవు, కాగితం మీద మచ్చ కనబడుతుంది. ఇంటికి నీళ్ళ మీటరు ఉంటే పడుకునే ముందు కుళాయిలన్నీ కట్టేసి అంకె రాసుకో. రాత్రి ఎవరూ నీళ్ళు వాడకపోయినా పొద్దున్నకి ఆ అంకె మారిందంటే ఎక్కడో కారుతున్నట్టే. బాత్రూం పైకప్పు మూలలు, కిటికీ చట్రం కింద గోడ, గీజరు పైపులు, స్విచ్‌బోర్డుల దగ్గర నల్లమచ్చలు ఓసారి చూడు. బీరువా బయటి గోడకి ఆనుకుని ఉంటే జానెడు ముందుకి జరుపు, గాలాడకపోతే ఆ వెనక చెమ్మ పట్టి బూజొస్తుంది.

స్టవ్ తుడవడం మానెయ్. తోమని గిన్నెలు ఇంటికి నష్టం కాదు, వాటి గురించి అడిగే హక్కు నాకే లేదు, ఆయనకెక్కడిది?

అద్దింటి కోడలు:
అమ్మా, మీరు చెప్పాక ఆయన వైపు నుంచి కొంచెం ఆలోచించాను. కానీ నేనే ఎదురు ఫొటోలు పంపితే ఇంకా అలుసైపోమా? రేపు ప్రతి వారం పంపమంటారేమో.

ఇల్లు అద్దెకిచ్చినావిడ:
అడిగాక పంపితే అలుసు. అడక్కముందే నీ తేదీకి నువ్వు పంపితే ఆ పని నీ చేతిలో ఉంటుంది. అయినా ఫొటోలు ఊరికే ఇవ్వకు, ఆ మెసేజ్‌లోనే నీక్కావాల్సింది కూడా అడుగు.

మూడిళ్ళు మారినవాడు:
మెసేజ్ నేను రాసిస్తాను, మీకు తగ్గట్టు మార్చుకోండి. నోటితో చెప్పిన దానికి రేపు సాక్ష్యం ఉండదు.

"నమస్కారం అండీ. సింకు పైపు మార్పించాక మళ్ళీ కారలేదు. ఇవాళ తీసిన ఫొటోలు పంపుతున్నాను. ప్రతి నెలా మొదటి తారీఖున ఇలాగే పంపుతాను. మీరు స్వయంగా ఇల్లంతా చూసుకోవడానికి మూడు నెలలకోసారి ఒక రోజు అనుకుందాం. వచ్చే నెల రెండో శనివారం ఉదయం పదింటికి మేమిద్దరం ఇంట్లోనే ఉంటాం, మీకు వీలవుతుందా? మధ్యలో పని పడితే ఒక రోజు ముందు మెసేజ్ పెట్టండి. పిల్లలు, పెద్దావిడ ఉండే ఇల్లు కదా, చెప్పి వస్తే మాకు ఇబ్బంది ఉండదు. మేం లేనప్పుడు లోపలికి వెళ్ళాల్సి వస్తే ముందు ఫోన్ చెయ్యండి. నీళ్ళు, కరెంటు, గ్యాస్ ప్రమాదమైతే మాత్రం ఆగక్కర్లేదు, తర్వాత చెప్పినా చాలు. ఫొటోలు తీసుకునేటప్పుడు పిల్లలు పడకుండా చూడండి."

"రావద్దు" అన్న మాట ఇందులో ఎక్కడా లేదు, గమనించారా? రమ్మని రోజు కూడా మనమే ఇస్తున్నాం.

ఆయన వచ్చిన రోజు మీలో ఒకరు గది గదికీ వెంట ఉండండి. గడప దగ్గరే "ఏ గదులు చూడాలండీ?" అని అడగండి. చూసేవి గోడలు, పైపులు, తలుపులు. మీ బీరువా మీది, దాని లోపల ఆయనకి పని లేదు, తాళం వేసుకోండి. వెళ్ళాక ఒక నోటుపుస్తకంలో తేదీ, వేళ, ఏం చూశారు, ఏమన్నారు, రెండు లైన్లు రాయండి. పోయిన నెల మీరు లేనప్పుడు వచ్చిన సంగతి కూడా, గుర్తున్నంత వరకు ఇవాళే రాసెయ్యండి. ఖాళీ చేసే రోజు అడ్వాన్సు దగ్గర పేచీ వస్తే ఈ పుస్తకం, ఆ మెసేజ్‌లే మీకు దిక్కు.

నాలుగో అంతస్తు:
అందరు ఓనర్లూ నిమ్ము కోసమే వస్తారనుకోకండి. మా పాతాయన ఒక్క కుళాయి కూడా విప్పి చూడలేదు. గుమ్మంలో చెప్పులు లెక్కపెట్టేవాడు, "నిన్న వచ్చిందెవరు?" అని అడిగేవాడు. అందుకే తాళం అన్నాను.

చట్టాల పిచ్చి:
అది తనిఖీ కాదు, నిఘా. రెండూ వేరు. రాసి అడిగాక కూడా చెప్పకుండా వస్తూనే ఉంటే, మీ దగ్గరున్న మెసేజ్‌లు, నోటుపుస్తకం పట్టుకుని అక్కడి అద్దె వివాదాల ఆఫీసుకో లాయరు దగ్గరికో వెళ్ళాలి. ఈవిడ విషయం ఇంకా అంతదాకా రాలేదనిపిస్తోంది. ఆ తాళంచెవి సంగతి ఒక్కటే నాకు నచ్చలేదు.

ఇద్దరు పిల్లల తల్లి:
పిల్లల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. మాకూ ఇలాగే జరిగేది. "అంకుల్ వస్తున్నారు, బొమ్మలు తియ్యి" అని కసురుకునేదాన్ని. కొన్నాళ్ళకి మా చిన్నవాడు బెల్ మోగితే మంచం కింద దూరడం మొదలెట్టాడు. అప్పుడు బుద్ధొచ్చింది. ఇప్పుడు ముందురోజే చెప్తాను, "రేపు ఈ ఇంటాయన వచ్చి గోడలూ కుళాయిలూ చూసి పోతారు, నిన్నేం అడగరు, నీ బొమ్మలు నీ ఇష్టం" అని. ఆ టైములో ఇంట్లో ఉంటావా, నాన్నతో బయటికి వెళ్తావా అని అడుగుతాను. ఒక్కోసారి ఉంటాడు, ఒక్కోసారి వెళ్తాడు. మీ అత్తగారిని కూడా అలాగే అడగండి. పిల్లలున్న గది ముందు చూపించేసి తలుపు వేసేస్తే వాళ్ళ గొడవ రెండు నిమిషాల్లో అయిపోతుంది.

అద్దింటి కోడలు (నెల తర్వాత):
ఏమైందో చెప్పాలి కదా. మెసేజ్ పంపాం. చదివినట్టు చూపించింది, రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. నా గుండెల్లో రాయి పడింది. మూడోరోజు మా ఆయనకి ఫోన్ చేసి "ఏంటి, నన్ను రావద్దంటున్నారా?" అన్నారు. "అయ్యో, శనివారం పదింటికి రమ్మనే కదండీ రాశాం" అన్నారు ఈయన. కాసేపు ఆగి "సరే" అన్నారట.

నిన్ననే వచ్చారు, పదింబావుకి. సింకు కింద కాగితం చూపించాను, పొడిగా ఉంది. తర్వాత బీరువా జరిపాం. జరిపితే గోడ మీద పళ్ళెమంత చెమ్మ! ఇన్నాళ్ళూ ఆయన వెతికింది నిజంగానే అక్కడుంది. దాని అవతల బాత్రూం పైపు వెళ్తుందట. అప్పట్లో పక్కింటివాళ్ళు తమ వైపు గోడ తడిగా ఉందని చెప్తే మేం లేనప్పుడు వచ్చి చూశానని అప్పుడు చెప్పారు. ఆ మాట ఆ రోజే ఒక ఫోన్ చేసి చెప్పొచ్చుగా అన్నాను. నవ్వి ఊరుకున్నారు. తాళంచెవి విషయం మాత్రం ఇంకా తేలలేదు, మళ్ళీ అడుగుతాను. ఫొటో తీసేటప్పుడు మాత్రం "పాపా, కొంచెం పక్కకి జరుగమ్మా" అన్నారు.

మా అత్తగారు నిన్న కూడా దుప్పటి సర్దారు. పదింటికి అని ముందే తెలుసు కాబట్టి తొమ్మిదిన్నరకి, నిదానంగా.

ఇప్పుడు ప్లంబరు వచ్చి గోడ పగలగొట్టాలంటున్నాడు, నాలుగు రోజులు మనుషులు వస్తూ పోతూ ఉంటారు. దానికేమైనా జాగ్రత్తలున్నాయా?

మూడిళ్ళు మారినవాడు:
పగలగొట్టకముందే ఆ చెమ్మ మచ్చని ఫొటో తీసి ఆయనకే పంపండి, తేదీతో సహా ఉంటుంది. ఖర్చు ఆయనదేనని ఒక మాట రాయించుకోండి. ఏ రోజు ఎన్నింటికి, ఎవరు వస్తారో కూడా అడగండి. బీరువా ఆ గదిలోంచి ఇవాళే తీసెయ్యండి, సిమెంటు దుమ్ము బట్టల్లోకి వెళ్తే వదలదు.