కౌన్సిల్ గోల్ఫ్ కోర్సులు కాపాడుకోవాలా, పార్కులుగా మార్చేయాలా?

తొమ్మిదో_హోల్ (చర్చ మొదలుపెట్టినవారు)

నేనుండేది ఇంగ్లండ్ మిడ్‌ల్యాండ్స్‌లో ఒక చిన్న టౌన్. మా కౌన్సిల్ (ఊరి పాలక సంస్థ) నడిపే గోల్ఫ్ కోర్సు స్థలాన్ని ఏం చేయాలో చెప్పమని ఫారం ఇచ్చి ఊళ్లో అందరినీ అడుగుతున్నారు. అడుగుతున్నారంటేనే మూసే ఆలోచన ఉన్నట్టు.

కోర్సు పరిస్థితి చెప్తాను. సగం బంకర్లలో (ఆటకి అడ్డంగా తవ్విన ఇసుక గుంటల్లో) ఇసుక లేదు, గడ్డి మొలిచిపోయింది. కింద బంకమట్టి. వానలు మొదలైతే నీళ్లు ఇంకవు, కన్నం ఉండే నున్నటి గడ్డి చోటు, అంటే గ్రీన్, పనికిరాదు, నెలల తరబడి టెంపరరీ గ్రీన్సే. అంటే ఫెయిర్‌వే (గ్రీన్ దాకా వెళ్లే గడ్డి దారి) చివర కాస్త గడ్డి దగ్గరగా కోసి, ఒక కన్నం తవ్వి, జెండా గుచ్చేస్తారు. బంతి పుట్ చేస్తే, అంటే కన్నం వైపు దొర్లిస్తే, కుందేలులా గెంతుతూ పోతుంది. మురుగు కాలువలు బాగుచేసి ఎన్నేళ్లయిందో. గ్రీన్‌కీపర్లు (గడ్డి చూసుకునే పనివాళ్లు) తగ్గుతూ వచ్చారు. గ్రీన్ ఫీజు (ఒక ఆటకి కట్టే రుసుము) మాత్రం ఏటా పెంచుతున్నారు. శనాదివారాల్లో 18 హోల్స్‌కి, అంటే ఒక పూర్తి ఆటకి, 20 పౌండ్లు దాటింది. అంత కట్టి బురదలో ఎవరు ఆడతారు? జనం తగ్గారు. ఇప్పుడు ఆ తగ్గిన లెక్కే చూపించి "ఎవరూ రావట్లేదు" అంటున్నారు.

ప్రైవేట్ క్లబ్బుల్లో సభ్యత్వానికి ఏడాదికి వెయ్యి పౌండ్ల పైమాటే. కౌన్సిల్ కోర్సు పోతే వేర్‌హౌస్‌లో పనిచేసేవాడు, బస్సు నడిపేవాడు ఇక గోల్ఫ్ మాట మర్చిపోవాలి. కాపాడుకోవాలన్నది నా వాదన.

లూయిషమ్_అక్క

మూసేస్తే ఏమవుతుందో మా ఇంటి దగ్గర చూశాం కాబట్టి రాస్తున్నాను. లండన్‌లోని బెక్‌నమ్ ప్లేస్ పార్క్. 1907 నుంచి అక్కడ గోల్ఫ్ కోర్సు. 1927లో లండన్ కౌంటీ కౌన్సిల్ ఆ స్థలం కొంది, తర్వాత లూయిషమ్ కౌన్సిల్ చేతికొచ్చింది. పేరుకి పబ్లిక్ పార్కు, అందులో ఎక్కువ భాగం గోల్ఫ్‌దే. 2016లో గోల్ఫ్ ఆపేశారు. లాటరీ హెరిటేజ్ ఫండ్ (లాటరీ సొమ్ముని వారసత్వ స్థలాలకిచ్చే నిధి) డబ్బుతో, ఎప్పుడో పూడిపోయిన పాత చెరువుని మళ్లీ తవ్వారు. 2019 నుంచి అందులో ఈత. చుట్టూ నడిచే దారులు, పిల్లల ఆటస్థలం, శనివారం పార్క్‌రన్ (అందరూ కలిసి ఉచితంగా పరిగెత్తే కార్యక్రమం). ఇప్పుడు ఏ ఆదివారమైనా వచ్చి చూడండి, స్ట్రోలర్లలో పిల్లలతో అమ్మలు, వీల్‌చెయిర్లలో పెద్దవాళ్లు, అన్ని రంగుల వాళ్లూ కనిపిస్తారు. ఒక 18 హోల్స్ కోర్సుకి సుమారు 50 హెక్టార్ల భూమి కావాలి. అంత భూమి మీద ఒక్కసారికి డెబ్భై, ఎనభై మంది ఆడగలిగితే గొప్ప.

తొమ్మిదో_హోల్

అక్కా, ఆ చెరువులో ఈతకి టికెట్ లేదా? ఉంది. మరి గోల్ఫ్‌కి డబ్బు తీసుకుంటే తప్పు, ఈతకి తీసుకుంటే ఒప్పు ఎలా అవుతుంది?

లూయిషమ్_అక్క

ఈతకి టికెట్. చెరువు చుట్టూ నడవడానికి కాదు. నేను రాసింది మళ్లీ చదవండి.

తొమ్మిదో_హోల్

గోల్ఫ్ కోర్సుల్లోనూ ఫుట్‌పాత్‌లు ఉంటాయి. నడవడానికి ఎవరు టికెట్ అడిగారు? మీరు రాసినట్టే చదివాను. టికెట్ ఉన్న చోట టికెట్ ఉంది, అంతే. ఈతకొలను అయితే ప్రజలది, పుటింగ్ గ్రీన్ అయితే ధనవంతులదా?

క్రికెట్_చాలు

ఇంత గొడవ ఎందుకు, రెండూ తీసేసి క్రికెట్ గ్రౌండ్లు వేయండి. మా లీగ్‌కి పిచ్‌లు దొరక్క చస్తున్నాం.

హైదరాబాదీ_ఇన్_రీడింగ్

గోల్కొండ నయా ఖిలాలో కోర్సు వేసినప్పుడూ ఇదే. అక్కడున్న వందల ఏళ్ల ఏనుగు చెట్టు (భారీ బావోబాబ్) చూడాలన్నా లోపలికి వెళ్లడానికి అడ్డంకులు. గోల్ఫ్ ఎక్కడికి వెళ్లినా కంచె వెంట తెచ్చుకుంటుంది.

తొమ్మిదో_హోల్

బ్రో, అది క్లబ్బు. నేను మాట్లాడుతున్నది కంచె లేని గోల్ఫ్ గురించి. దయచేసి రెండిటినీ కలపొద్దు.

లెక్కల_మాస్టారు

నేను లోకల్ గవర్నమెంట్ ఫైనాన్స్‌లో పనిచేశాను. ఇద్దరూ అసలు ప్రశ్న వదిలేశారు. కౌన్సిల్ చట్టప్రకారం చేసి తీరాల్సిన పనులు కొన్ని ఉన్నాయి: వృద్ధుల సంరక్షణ, ప్రమాదంలో ఉన్న పిల్లల రక్షణ, ఇల్లు లేనివాళ్లకి ఆశ్రయం. గోల్ఫ్, ఈతకొలను, మ్యూజియం ఆ జాబితాలో లేవు. వీలైతే చేస్తారు. ఆ తప్పనిసరి ఖర్చులు పెరుగుతూ పోతే మిగిలినవాటికి ఏమీ మిగలదు. క్రాయిడన్ 2020లో, బర్మింగ్‌హామ్, నాటింగ్‌హామ్ 2023లో సెక్షన్ 114 నోటీసులు ఇచ్చాయి. అంటే బడ్జెట్ బ్యాలెన్స్ కాదని అధికారికంగా ఒప్పుకున్నట్టు. అలాంటి చోట డ్రైనేజీ పైపులకి లక్షల పౌండ్లు అడిగితే ఏ కౌన్సిలర్ చెయ్యెత్తుతాడు?

అయితే తొమ్మిదో_హోల్ గారి మాటలో ఒకటి నిజం. మరమ్మతు వాయిదా వేయడం కూడా మూసివేతే, కాకపోతే నిదానంగా జరుగుతుంది. బడ్జెట్ కాగితం మీద మొదటి ఏడాది అది పొదుపులా కనిపిస్తుంది.

గుంటూరు_టు_గ్లాస్గో

మా దగ్గర లెథమ్‌హిల్ చూడండి. హోగన్‌ఫీల్డ్ లాక్ (సరస్సు) ఒడ్డున పాత మునిసిపల్ కోర్సు, 18 హోల్స్. ఆర్ అండ్ ఏ (సెయింట్ ఆండ్రూస్‌లో ఉన్న గోల్ఫ్ నియమాల సంస్థ) వాళ్లు డబ్బు పెట్టి 2023లో "గోల్ఫ్ ఇట్" పేరుతో మళ్లీ తెరిచారు. ఇప్పుడు తొమ్మిది హోల్స్, డ్రైవింగ్ రేంజ్, పిల్లలకి అడ్వెంచర్ గోల్ఫ్, కేఫ్. జీన్స్ వేసుకెళ్లినా ఎవరూ ఏమనరు. మా పిల్లలు గోల్ఫ్ క్లబ్ చేత్తో పట్టుకున్నది మొదట అక్కడే. కాకపోతే సెయింట్ ఆండ్రూస్ నుంచి డబ్బున్న సంస్థ దిగితే గానీ ఇది జరగలేదు. ప్రతి ఊరికీ అలాంటివాళ్లు రారు.

ఎడిన్‌బరో_రమ్య

మా ఊళ్లో బ్రంట్స్‌ఫీల్డ్ లింక్స్ మైదానంలో వేసవిలో షార్ట్ హోల్ గోల్ఫ్ (దగ్గర దగ్గర కన్నాలతో చిన్న ఆట) ఉచితం. పక్కనే జనం దుప్పట్లు పరుచుకుని పిక్నిక్ చేసుకుంటారు. సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సు ఆదివారం గోల్ఫ్‌కి మూసి ఉంటుంది, కుక్కల్ని తీసుకుని ఎవరైనా ఫెయిర్‌వే మీద నడవచ్చు. పంచుకోవడం అసాధ్యమేమీ కాదు.

లూయిషమ్_అక్క

స్కాట్లండ్ సంగతి వేరు. ఇక్కడ పంచుకోవడం ఎలా ఉండేదో నేను చెప్తాను. లండన్ రాకముందు ఇంకో ఊళ్లో ఉండేవాళ్లం. మా ఫ్లాట్ వెనకే కౌన్సిల్ కోర్సు, మధ్యలోంచి ఫుట్‌పాత్. పాప పుట్టిన కొత్తలో స్ట్రోలర్ తీసుకుని అదే దారిలో వెళ్లేదాన్ని. ఒకరోజు వెనకనుంచి "ఫోర్" అని అరుపు. బంతి వస్తోంది జాగ్రత్త అని ఆ అరుపుకి అర్థమని కూడా నాకు అప్పటికి తెలీదు. బంతి స్ట్రోలర్ చక్రం పక్కన పడింది. ఆడినాయన వచ్చి, తప్పు నాదైనట్టు, "ఇక్కడ నడవకూడదు" అన్నాడు. ఫుట్‌పాత్ బోర్డు చూపించాను. "అయినా చూసుకోవాలి కదా" అని బంతి తీసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత నేను ఆ దారిలో వెళ్లలేదు. కౌన్సిల్ టాక్స్ మాత్రం ప్రతి నెలా కట్టాను.

తొమ్మిదో_హోల్

జరిగింది చాలా తప్పు. కానీ ఒక మూర్ఖుడు చేసినదానికి ఒక ఆటనే ఊళ్లోంచి పంపేస్తామా? బెక్‌నమ్‌లో సైకిల్ వాడు గుద్దితే పార్కు మూసేస్తారా? పైగా ఫుట్‌పాత్ దగ్గర ఆగి చూసి నడవాలని చాలా కోర్సుల్లో బోర్డులుంటాయి.

లూయిషమ్_అక్క

ఆగి చూసి నడవాల్సింది నేనా? మూడు నెలల పాపతో? ఇదే తమ్ముడూ, ఇదే నాకు ఒళ్లు మండేది! మీ ఆట సాగాలి, మిగతా ఊరంతా పక్కకి తప్పుకోవాలి. అన్నిసార్లు పౌండ్లూ పౌండ్లూ అంటున్నారు. 20 పౌండ్లు సమస్య కాదు. 18 హోల్స్‌కి నాలుగు గంటల పైన పడుతుంది. ఆదివారం పొద్దున నాలుగు గంటలు ఇంట్లో ఎవరికి దొరుకుతాయి? వంట, పిల్లల స్విమ్మింగ్ క్లాస్, వారానికి సరిపడా బట్టలు ఉతకడం, ఇవన్నీ ఎవరో చేస్తేనే ఆ నాలుగు గంటలు వస్తాయి. పార్కుకైతే నేను పిల్లల్ని వెంటబెట్టుకుని అరగంట వెళ్లినా చాలు. మీ కోర్సులో నాలాంటివాళ్లు ఎంతమంది ఆడేవాళ్లో చెప్పండి.

వైజాగ్_శ్రీను

అక్క చెప్పింది కరెక్ట్. మా ఆవిడ ఇదే మాట రోజూ అంటుంది.

తొమ్మిదో_హోల్

నేను ఆదివారం ఆడను. నైట్ షిఫ్ట్ దిగి మంగళవారం పొద్దున వెళ్తాను. అప్పుడు ధర కూడా తక్కువ. ఆ టైమ్‌లో అక్కడుండేది రిటైరైనవాళ్లు. ఒకాయన బొగ్గు గనిలో పనిచేశారు, భార్య పోయారు. ఇంకొకాయన జమైకా నుంచి వచ్చి నలభై ఏళ్లు బస్సు నడిపారు. నేను ఒక్కణ్ణే వస్తే "మాతో కలిసి ఆడు" అని పిలిచింది వాళ్లే. అంతకుముందు ఒక ప్రైవేట్ క్లబ్బుకి ఫోన్ చేశాను. మెంబర్లలో ఎవరైనా మిమ్మల్ని ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి అన్నారు. ఈ ఊళ్లో నాకు ఎవరు తెలుసని? పేపర్లు ఇస్తాం, డబ్బు కడతాం అంటే కుదరదు. కౌన్సిల్ కోర్సులో కౌంటర్ దగ్గర డబ్బిచ్చి బంతి కొట్టడమే, ఎవరి సిఫారసూ అక్కర్లేదు.

ఈ దేశం వచ్చాక ఇంటి బయట నన్ను పేరు పెట్టి పిలిచే చోటు నాకు అదొక్కటే. ఆ ఇద్దరు పెద్దాయనలు కోర్సు పోతే పార్కుకి వచ్చి బెంచీ మీద కూర్చోరు, ఇంట్లో ఉండిపోతారు. తలకాయలు లెక్కపెడితే మీరే గెలుస్తారు అక్కా, అది నాకు తెలుసు. తలకాయల లెక్కతోనే నిర్ణయించడం అన్యాయమని నా గొడవ.

లూయిషమ్_అక్క

మరి ఈ మాట మొదటే రాయాల్సింది. ఇన్ని పోస్టులు ఈత టికెట్ గురించి వాదించారు.

నా మాట మారదు. అందరి డబ్బుతో ఉన్న భూమికి లెక్క చూడాల్సిందే. కొందరికి అది ఎంత ముఖ్యమైనా, బయట నిలబడ్డవాళ్లు ఎంతమందో కూడా చూడాలి. ఆ పెద్దాయనలకి కలుసుకునే చోటు కావాలి, ఒప్పుకుంటాను. దానికి 50 హెక్టార్లు కావాలంటే ఒప్పుకోను.

లెక్కల_మాస్టారు

తొమ్మిది హోల్స్ ఉంచి మిగతాది పార్కు చేయమని అడగండి. నీళ్లు నిలిచే హోల్స్ వదిలేస్తే డ్రైనేజీ ఖర్చూ తగ్గుతుంది. ఆట రెండు గంటల్లో అయిపోతుంది.

తొమ్మిదో_హోల్

కౌన్సిల్ ఇచ్చిన ఫారంలో ఉన్నవి రెండే ఆప్షన్లు మాస్టారూ. కోర్సుని ప్రైవేట్ వాళ్లకి లీజుకివ్వడం, లేదా పూర్తిగా మూసేయడం.

లెక్కల_మాస్టారు

"ఇతర అభిప్రాయాలు" అని ఖాళీ ఉంటుంది చూడండి. అక్కడ రాయండి. ఏయే హోల్స్‌లో నీళ్లు నిలుస్తాయో నంబర్లతో సహా రాయండి, ఆ పెద్దాయనలతోనూ రాయించండి. చేత్తో రాసిన ఉత్తరాలు కూడా తీసుకుంటారు.

తొమ్మిదో_హోల్

మంగళవారం కాగితాలు పట్టుకెళ్తాను. 11, 12, 13, 14, ఈ నాలుగూ ప్రతి చలికాలం మునుగుతాయి. అక్కా, మీరు రాయాల్సి వస్తే ఆ నాలుగింటి స్థలంలో ఏం పెట్టమంటారు?

లూయిషమ్_అక్క

నడిచే దారి. గోల్ఫ్ బంతి రాని వైపు.