పాత టేబుళ్ల మధ్య సంబంధం జాంగోలో కుదరడం లేదు

ప్రశ్న (పలాస నుంచి):
సభ్యులకు నమస్కారం. ఇక్కడి జీడిపప్పు వ్యాపారుల కోసం పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఎప్పుడో తయారైన డేటాబేస్‌కు ఇప్పుడు జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) మోడళ్లు, అంటే ఒక్కో టేబుల్‌ను వర్ణించే క్లాసులు, రాస్తున్నాను. వ్యాపారుల టేబుల్, గ్రేడ్ల టేబుల్, ఎవరు ఏ గ్రేడును ఏ ధరకు ఇస్తున్నారో తెలిపే లంకె టేబుల్ ఉన్నాయి. లంకె టేబుల్‌లో డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 వంటి గ్రేడు కోడ్లే ఉంటాయి. ఫారిన్ కీ (వేరే టేబుల్‌లోని వరుసను చూపే) ఫీల్డుకు గ్రేడ్_కోడ్ అని పేరు పెడితే, గ్రేడ్_కోడ్_ఐడీ అనే కాలమ్ లేదని వస్తోంది. ఆ పేరు నేనెక్కడా రాయలేదు.

జవాబు (విజయనగరం నుంచి):
ఫారిన్ కీ ఫీల్డు పేరు చివర _ఐడీ చేర్చి, కాలమ్ పేరు అదేనని జాంగో అనుకుంటుందండి. ఫీల్డుకు గ్రేడ్ అని పేరు మార్చి, డీబీ_కాలమ్‌లో గ్రేడ్_కోడ్ అని అసలు పేరు ఇవ్వండి. గ్రేడ్ల టేబుల్‌కు ప్రైమరీ కీ (ప్రతి వరుసనూ విడిగా గుర్తించే కాలమ్) వేరే సంఖ్య అయితే, టు_ఫీల్డ్‌లో కోడు ఫీల్డును చూపాలి, ఆ ఫీల్డు యూనిక్ అయి ఉండాలి, అంటే అందులో ఏ విలువా రెండోసారి రాకూడదు. లేకుంటే అక్షరాల కోడును సంఖ్యతో పోల్చబోయి పోస్ట్‌గ్రెస్ తిరస్కరిస్తుంది. క్వెరీసెట్‌లోని క్వెరీని (జాంగో డేటాబేస్‌కు పంపే ఎస్‌క్యూఎల్‌ను) ప్రింట్ చేసి చూస్తే జాయిన్, అంటే టేబుళ్లను కలపడం, ఏ కాలమ్‌ల మీద జరుగుతోందో తెలుస్తుంది.

ప్రశ్న:
ధన్యవాదాలండి, అది తీరింది. ఇప్పుడు లంకె టేబుల్‌లో ఐడీ లేదంటోంది. అందులో వ్యాపారి కోడు, గ్రేడు కోడు రెండూ కలిసి ప్రైమరీ కీ. వ్యాపారి కోడు ఒక్కదానినే ప్రైమరీ కీగా చూపమని ఒక మిత్రుడు అన్నారు.

జవాబు:
దయచేసి ఆ పని చేయకండి. ఎర్రర్ సందేశం రావడం ఆగిపోతుంది గానీ డేటా పాడవుతుంది. ఒకే గ్రేడు ఉన్న వ్యాపారికి రెండో గ్రేడుతో కొత్త మోడల్ ఆబ్జెక్ట్ తయారుచేసి సేవ్ పిలిస్తే, జాంగో ముందుగా ఆ కోడు గల వరుసను అప్‌డేట్ చేయబోతుంది కనుక, పాత గ్రేడు, దాని ధర చెరిగిపోయి కొత్తవి వాటి స్థానంలో చేరతాయి, పైగా ఏ హెచ్చరికా రాదు. ధరల పట్టికలో ఇలాంటి తప్పు జరిగితే దాన్ని వెతికి పట్టుకోవడం చాలా కష్టం.

టేబుల్ మార్చే అధికారం మీకుంటే, బ్యాకప్ తీసుకుని, తనంతట పెరిగే ఐడీ కాలమ్‌ను యూనిక్‌గా చేర్చండి. పాత జంట కీని అలాగే ఉంచవచ్చు. మోడల్‌లో మేనేజ్డ్ ఫాల్స్ అని ఉంటే మైగ్రేషన్ (మోడల్ మార్పులను టేబుల్‌కు చేర్చే జాంగో పద్ధతి) ఈ మార్పు చేయదు, ఎస్‌క్యూఎల్‌తో మీరే చేయాలి. అధికారం లేకపోతే, 2025లో వచ్చిన జాంగో 5.2లోని కాంపోజిట్ ప్రైమరీ కీ (రెండు మూడు కాలమ్‌లు కలిసిన కీ) వాడుకోండి. అయితే అటువంటి మోడల్‌ను అడ్మిన్‌లో (డేటాను మార్చుకునే జాంగో వెబ్ పేజీల్లో) నమోదు చేయలేరు, వేరే టేబుల్ నుంచి ఫారిన్ కీతో దానికి సంబంధం కలపలేరు. వ్యాపారులు ధరలను అడ్మిన్ నుంచే మార్చుకునే పనైతే మొదటి మార్గమే ఎంచుకోండి.