బీవైడీ ఎదుగుదలకు అసలు కారణం ఏమిటి? మన దేశంలో ఫ్యాక్టరీ ఎందుకు రాలేదు?

పాలకొల్లు మాస్టారు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను పాలకొల్లులో డిగ్రీ విద్యార్థులకు అర్థశాస్త్రం చెబుతాను. ఈసారి అంతర్జాతీయ వాణిజ్యం పాఠానికి చైనా కార్ల సంస్థ బీవైడీని ఉదాహరణగా తీసుకోవాలని అనుకుంటున్నాను. 1995లో షెన్‌జెన్‌లో రీచార్జి బ్యాటరీల తయారీతో మొదలైన ఈ సంస్థ 2024లో దాదాపు 42.7 లక్షల వాహనాలు అమ్మింది, 2025లో విద్యుత్ కార్ల అమ్మకాల్లో టెస్లాను దాటింది. ఇదంతా చైనా ప్రభుత్వ సబ్సిడీల వల్లనేనా, సంస్థకు సొంత బలం కూడా ఏమైనా ఉందా అని మా విద్యార్థులు అడుగుతున్నారు.

నా సందేహం మరొకటి. అమెరికా, యూరప్ సుంకాలు పెంచిన కాలంలోనే ఈ సంస్థ విదేశీ అమ్మకాలు ఎలా పెరిగాయి? థాయ్‌లాండ్‌లోనూ బ్రెజిల్‌లోనూ ఫ్యాక్టరీలు పెట్టిన సంస్థ, హైదరాబాదు కంపెనీతో కలిసి వస్తానన్నా మన దేశంలో ఎందుకు పెట్టలేకపోయింది? ఈ రంగం తెలిసినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

రావులపాలెం ఇంజినీరు:

మాస్టారూ, చెన్నైలో వాహన విడిభాగాల పరిశ్రమలో చాలాకాలం పనిచేసి సొంత ఊరు చేరినవాడిని కనుక, మీ విద్యార్థుల ప్రశ్నకు నాకు తెలిసినంత చెబుతాను.

వ్యవస్థాపకుడు వాంగ్ చువాన్‌ఫు రసాయన, లోహ శాస్త్రాలు చదివినవాడు. అప్పట్లో జపాన్ సంస్థలు ఖరీదైన యంత్రాల మీద బ్యాటరీలు చేసేవి. అంత పెట్టుబడి లేని వాంగ్ ఆ పనిని చిన్న చిన్న దశలుగా విడగొట్టి, ఎక్కువ భాగం మనుషుల చేతనే చేయించి ధర తగ్గించాడు. అలా మోటరోలా, నోకియా ఆయన ఖాతాదారులయ్యాయి. 2003లో సియాన్ నగరంలోని చిన్న కార్ల సంస్థ చిన్‌చువాన్‌ను కొన్నప్పుడు మదుపరులకు నచ్చక షేరు ధర పడిపోయింది. బ్యాటరీ తెలిసినవాడికి కారు ఎందుకని వారు అనుకున్నారు. 2008లో ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కారు (బయట నుంచి చార్జి చేసుకునే బ్యాటరీతో పాటు పెట్రోలు ఇంజిను కూడా ఉండేది) ఎఫ్3డీఎమ్ వచ్చింది; ఆ ఏడాదే వారెన్ బఫెట్‌కు చెందిన బెర్క్‌షైర్ హాథవే దాదాపు 10 శాతం వాటాకు 23 కోట్ల డాలర్లు పెట్టడానికి ముందుకొచ్చింది.

సబ్సిడీల పాత్ర చిన్నది కాదు. కొనేవారు లేని తొలి రోజుల్లో చైనా నగరాలే ఈ వాహనాలను కొన్నాయి. షెన్‌జెన్ 2017 చివరికి తన 16 వేలకు పైగా సిటీ బస్సులన్నింటినీ విద్యుత్ బస్సులుగా మార్చింది, వాటిలో ఎక్కువ బీవైడీవే. అయితే అదే ప్రోత్సాహం అందుకున్న సంస్థలు ఇంకా ఎన్నో ఉన్నాయి, వాటిలో చాలావరకు మూతపడ్డాయి. బీవైడీ నిలబడడానికి కారణం కారులో అత్యంత ఖరీదైన భాగమైన బ్యాటరీ సెల్‌ను, మోటారును, విద్యుత్తును నియంత్రించే చిప్‌ను తానే తయారు చేసుకోవడం. 2020లో తెచ్చిన బ్లేడ్ బ్యాటరీలో నికెల్, కోబాల్ట్ ఉండవు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌తో చేసిన పొడవైన పలుచని సెల్‌లను నేరుగా ప్యాక్‌లో వరుసగా అమరుస్తారు. అదే బరువుకు కొంత తక్కువ విద్యుత్తు నిల్వ చేసినా, ఇది చౌక, అంత తొందరగా మంటలు అంటుకోదు. సామాన్యుడి కారుకు ఇంతకంటే తగిన ఎంపిక లేదని నా అభిప్రాయం.

విద్యార్థులకు ఒక జాగ్రత్త చెప్పండి. 2024 నాటి 42.7 లక్షల్లో పూర్తి విద్యుత్ కార్లు దాదాపు 17.6 లక్షలే; మిగిలినవాటిలో అత్యధికం పెట్రోలు ఇంజిను కూడా ఉండే ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లు. 2022 మార్చిలో ఆపేసింది పెట్రోలు మీదనే నడిచే కార్ల తయారీని మాత్రమే. ఇంకొక మాట: చైనాలో విడిభాగాలు ఇచ్చే చిన్న సంస్థలకు డబ్బు ఆలస్యంగా అందుతోందన్న విమర్శ పెరగడంతో, 60 రోజుల్లో చెల్లిస్తామని 2025 జూన్‌లో బీవైడీతో సహా పెద్ద కార్ల సంస్థలు ప్రకటించవలసి వచ్చింది. ఆ వైపు నిలబడి పనిచేసినవాడిగా, ఇతరుల సొమ్ము బిగబట్టి సాధించిన వేగాన్ని నేను మెచ్చుకోలేను.

భీమవరం ఎగుమతులు:

మాస్టారు గారికి నమస్కారం. నేను రొయ్యల ఎగుమతి వ్యాపారంలో ఉన్నాను కాబట్టి సుంకాల సంగతి చెబుతాను. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, ఒకే దేశాన్ని నమ్ముకున్న వ్యాపారం ఎంత బలహీనమో మన చెరువు గట్ల మీద అందరికీ అర్థమైంది. బీవైడీ కార్ల విషయంలో అమెరికా మీద ఆధారపడనే లేదు. 2024లో చైనా విద్యుత్ కార్ల మీద అమెరికా సుంకం 100 శాతానికి చేరినా ఆ సంస్థకు పోయినదేమీ లేకపోవడానికి కారణం అదే.

యూరప్ 2024 అక్టోబరులో మామూలు 10 శాతానికి అదనంగా బీవైడీ మీద 17 శాతం వేసింది; మరో చైనా కార్ల సంస్థ ఎస్ఏఐసీ మీద అది 35.3 శాతం. ఆ అదనపు సుంకం పూర్తి విద్యుత్ కార్లకే వర్తిస్తుంది కాబట్టి బీవైడీ అక్కడికి హైబ్రిడ్‌లను ఎక్కువగా పంపసాగింది, హంగరీలోని సెగెడ్‌లో ఫ్యాక్టరీ కట్టడానికి పూనుకుంది. బ్రెజిల్ విద్యుత్ కార్ల మీద సుంకాన్ని 2024 నుంచి విడతలవారీగా 35 శాతం వరకు పెంచే నిర్ణయం తీసుకుంటే, సుంకం పెరిగేలోగా ఓడల నిండా కార్లు దింపి, మరోవైపు ఫోర్డ్ వదిలి వెళ్లిన కమసారి ఫ్యాక్టరీ స్థలాన్ని తీసుకుంది. ఓడలను కూడా తన కోసమే ప్రత్యేకంగా సమకూర్చుకుంది. 2024 జనవరిలో బయలుదేరిన మొదటి ఓడలో 7 వేల కార్లు పడతాయి. కిరాయి ఓడ దొరకక సరుకు ఆగిపోతే ఏమవుతుందో తెలిసిన నాకు ఇందులో అన్నిటికంటే గొప్పగా తోచింది ఇదే.

కమసారి గురించి పాఠంలో దాచకుండా చెప్పాలని నా మనవి. 2024 డిసెంబరులో అక్కడి నిర్మాణ కాంట్రాక్టరు దగ్గర 163 మంది చైనా కార్మికులు బానిసత్వాన్ని తలపించే స్థితిలో ఉన్నట్లు బ్రెజిల్ అధికారులు తేల్చారు, బీవైడీ ఆ కాంట్రాక్టరును తొలగించింది. విదేశీ అమ్మకాలు 2023లో 2.4 లక్షలు, 2024లో 4.17 లక్షలు, 2025లో 10 లక్షలకు పైగా. ఇంటి దగ్గర ధరల పోటీ ముదిరి 2025లో చైనాలో అమ్మకాలు తగ్గాయి కాబట్టి, బయటికి వెళ్లడం వారికి తప్పనిసరి కూడా అయింది.

కాకినాడ పాఠకుడు:

మన దేశం సంగతి నేను చెబుతాను. బీవైడీ 2007లోనే చెన్నై దగ్గర మొబైల్ ఫోన్ల విడిభాగాల తయారీతో ఇక్కడికి వచ్చింది. హైదరాబాదు సంస్థ ఒలెక్ట్రా దాని సాంకేతికతతో విద్యుత్ బస్సులు తయారు చేసింది. తిరుమల కొండకు వెళ్లే ఆర్టీసీ విద్యుత్ బస్సులు ఒలెక్ట్రావే. 2020 ఏప్రిల్‌లో కేంద్రం మూడో ప్రెస్ నోట్ (విదేశీ పెట్టుబడి నిబంధనలను మార్చే అధికారిక ప్రకటన) ద్వారా, మనతో భూ సరిహద్దు ఉన్న దేశాల నుంచి వచ్చే పెట్టుబడికి ప్రభుత్వ అనుమతి తప్పనిసరి చేసింది. ఇది గల్వాన్ ఘర్షణ తరువాత వచ్చిందని చాలామంది అనుకుంటారు కానీ, ఆ ఘర్షణ జూన్‌లో జరిగింది. హైదరాబాదుకే చెందిన మేఘా ఇంజినీరింగ్‌తో కలిసి బీవైడీ 100 కోట్ల డాలర్లతో పెడతామన్న ఫ్యాక్టరీకి 2023లో అనుమతి రాలేదు. ఎమ్‌జీ కార్లు మనకు కనిపిస్తున్నాయంటే, దాని యజమాని ఎస్ఏఐసీ ఆ నిబంధనకు ముందే గుజరాత్‌లోని హలోల్‌లో ఉన్న జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ తీసుకుంది, తరువాత జేఎస్‌డబ్ల్యూ వాటాదారుగా చేరింది.

చైనాలో చౌకగా దొరికే బీవైడీ సీగల్ లాంటి చిన్న కారు, ఎత్తుపల్లాలు లేని మన కాలువ గట్ల రోడ్లకు ఎంతో అనువుగా ఉండేది. అయినా ఫ్యాక్టరీని కాదన్నంత మాత్రాన చైనా మీద ఆధారపడడం తగ్గలేదు: మన విద్యుత్ వాహనాల్లోని సెల్‌లలో ఎక్కువ అక్కడి నుంచే వస్తున్నాయి, 2025 ఏప్రిల్‌లో మోటార్లకు కావలసిన అరుదైన లోహాల అయస్కాంతాల ఎగుమతిని చైనా నియంత్రించగానే మన సంస్థలు ఇబ్బంది పడ్డాయి.

పాలకొల్లు మాస్టారు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. దిగుమతికి రాయితీ ఇచ్చి, బదులుగా ఫ్యాక్టరీ అడిగే షరతు మన దగ్గర ఎప్పుడైనా పెట్టారా అన్నది ఇంకా తెలుసుకోవాలని ఉంది.

కాకినాడ పాఠకుడు:

పెట్టారండి. థాయ్‌లాండ్ ఆ పనే చేసింది: రాయితీతో దిగుమతి చేసిన ప్రతి కారుకూ అక్కడే మరొకటి తయారు చేయాలన్నది, 2024 జూలైలో రయోంగ్‌లో ఏడాదికి 1.5 లక్షల కార్ల బీవైడీ ఫ్యాక్టరీ మొదలైంది. మన కేంద్రం 2024 మార్చిలో ప్రకటించిన పథకం కింద 4,150 కోట్ల రూపాయలు పెట్టుబడి పెట్టే సంస్థ ఏడాదికి 8 వేల వరకు విద్యుత్ కార్లను 15 శాతం సుంకంతో తెచ్చుకోవచ్చన్నారు, అయిదేళ్లలో కారు విలువలో 50 శాతం ఇక్కడే చేకూరాలన్నారు. కానీ 35 వేల డాలర్లు, అంతకు మించిన కార్లకే ఆ రాయితీ, పైగా చైనా సంస్థ పెట్టుబడికి ప్రెస్ నోట్ అనుమతి ఎలాగూ కావాలి. మీ విద్యార్థులకు ఈ రెండు దేశాల షరతులను పక్కపక్కన పెట్టి చూపించండి.